పెర్త్ టెస్టుకు ముందు పేసర్ల తూకం: కాసేపు బుమ్రాను పక్కనపెట్టి చూడండి

2024 నవంబర్ 22న పెర్త్‌లో మొదటి టెస్టు. ఇది దానికి ముందు రాసిన లెక్క, అంకెలూ వయసులూ జట్లూ అప్పటివే. భారత్, ఆస్ట్రేలియా ఐదు టెస్టుల సిరీస్ ఆడి ముప్పై ఏళ్లు దాటింది, 1991-92 తర్వాత మళ్లీ ఇప్పుడే. సొంతగడ్డ మీద న్యూజిలాండ్ చేతిలో 0-3తో ఓడి విమానం ఎక్కాం కాబట్టి బ్యాటింగ్ మీద ఎవరికీ పెద్ద ధీమా లేదు. ఆశంతా ఫాస్ట్ బౌలర్ల మీదే. అందుకే ఎక్కడ చూసినా ఒకటే లెక్క నడుస్తోంది: బుమ్రాకు ఎదురుగా కమిన్స్, సిరాజ్‌కు ఎదురుగా స్టార్క్, పేరు పక్కన పేరు పెట్టి మార్కులు వేసుకోవడం. రోహిత్ మొదటి టెస్టుకు లేడు, బుమ్రానే కెప్టెన్. అవతల కమిన్స్ ఎలాగూ కెప్టెనే. ఇద్దరు ఫాస్ట్ బౌలర్లు టాస్‌కు వెళ్తుంటే ఆ పోలిక నోటికి రాకుండా ఎలా ఉంటుంది!

కానీ అలా తూస్తే అసలు సంగతి చేతికి రాదు. టెస్టులో రోజుకు 90 ఓవర్లు. ఎంత గొప్ప ఫాస్ట్ బౌలరైనా రోజంతా కలిపి 18, 20 ఓవర్లు వేస్తే అదే ఎక్కువ. అంతకు మించి వేయిస్తే మర్నాడు ఆ వేగం ఉండదు, మూడో టెస్టుకు మనిషే ఉండడు. అంటే మనం ఫీల్డింగ్ చేసే రోజున బుమ్రా చేతిలో బంతి లేని ఓవర్లు 70. ఎవరి పేస్ దళం మెరుగో తేలేది ఆ 70 ఓవర్లలోనే. అందుకని నేను మేటి బౌలర్‌తో మొదలుపెట్టను. మూడోవాడు, నాలుగోవాడు ఎవరు, అరిగిన బంతితో వాళ్లేం చేయగలరు, ఏడు వారాలు వాళ్ల ఒళ్లు నిలుస్తుందా అన్న వరుసలో చూస్తాను. మీరూ అలాగే చూడమంటాను.

ముందు బంతి గురించి రెండు మాటలు చెప్పాలి, లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి. ఆస్ట్రేలియాలో వాడేది కూకబుర్రా. బంతి మీద ఆరు వరుసల కుట్టు ఉంటుంది. మన ఎస్‌జీలో, ఇంగ్లండ్ వాడే డ్యూక్స్‌లో ఆరు వరుసలూ చేత్తో కుట్టినవే. కూకబుర్రాలో మధ్య రెండు వరుసలే చేతికుట్టు, పక్కవన్నీ మెషీన్ కుట్టు. అందుకే దాని సీమ్ (పైకి లేచి ఉండే ఆ కుట్టు) తొందరగా అణిగిపోతుంది. మొదటి 15, 20 ఓవర్లు గాల్లో తిరుగుతుంది, పిచ్ మీద పడి కదులుతుంది. ఆ తర్వాత మెత్తబడుతుంది, పరుగులు సులువవుతాయి. ఈ మధ్య వస్తున్న కూకబుర్రాల సీమ్ మునుపటికన్నా ఎక్కువసేపు నిలుస్తోందని అక్కడి బ్యాటర్లే అంటున్నారు గానీ మూల స్వభావం మారలేదు. 80 ఓవర్లు పూర్తయితే గానీ కొత్త బంతి రాదు. 20వ ఓవర్ నుంచి 80వ ఓవర్ దాకా ఉన్న ఆ అరవై ఓవర్లు, పిచ్‌ను గట్టిగా కొట్టి బంతిని లేపగలవాడివి, ఒకే చోట విసుగు లేకుండా వేయగలవాడివి.

ఈ కొలతతో చూస్తే ఆస్ట్రేలియా బలం స్టార్క్ దగ్గర మొదలు కాదు, కమిన్స్ దగ్గర మొదలవుతుంది. 62 టెస్టుల్లో 269 వికెట్లు, సగటు (ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు) 22 చిల్లర. కొత్త బంతి చాలావరకు స్టార్క్‌కీ హేజిల్‌వుడ్‌కీ ఇచ్చేసి తను తర్వాత వస్తాడు. అంటే ఈ అంకెల్లో పెద్ద వాటా సీమ్ అణిగిన బంతితో తెచ్చుకున్నదే. 2018 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టు గుర్తు చేసుకోండి. మనం గెలిచిన మ్యాచ్ కాబట్టి బుమ్రా ఒక్కడే గుర్తుంటాడు. కానీ మన రెండో ఇన్నింగ్స్‌లో కమిన్స్ 27 పరుగులకు 6 వికెట్లు తీశాడు. లెగ్ గల్లీలో, అంటే బ్యాటర్ కాళ్ల వైపు వెనకగా, ఫీల్డర్ హారిస్‌ను పెట్టి బంతిని ఒంటి మీదికి లేపాడు. పుజారా, కోహ్లీ ఇద్దరూ సున్నాకే అక్కడ దొరికారు. ఆట చేజారిపోయిన సమయంలో, నెమ్మదైన పిచ్ మీద, ఫీల్డింగ్ మార్పు ఒక్కదానితో వికెట్లు పుట్టించాడు. పోలికలో ఇలాంటి స్పెల్‌కు (ఒక విడతలో వేసే ఓవర్లకు) నేను ఎక్కువ బరువిస్తాను.

హేజిల్‌వుడ్ సంగతి చెప్పడానికి ఒక్క అంకె చాలు, అది మనకు చేదే అయినా. 2020 అడిలైడ్‌లో 5 ఓవర్లు, 3 మెయిడెన్లు (పరుగివ్వని ఓవర్లు), 8 పరుగులు, 5 వికెట్లు. మనం 36కి ఆలౌట్. ఆ రోజు అతను కొత్తగా చేసిందేమీ లేదు, ఎప్పుడూ వేసే చోటే వేశాడు. ఆఫ్ స్టంప్ పైన, ఆడాలా వదలాలా తేలని చోట. 70 టెస్టుల్లో 273 వికెట్లు అలాగే వచ్చాయి.

స్టార్క్‌కు ముగ్గురిలోకీ ఎక్కువ వికెట్లున్నాయి, 358. సగటు కూడా ముగ్గురిలోకీ అతనిదే ఎక్కువ, 27 దాటి ఉంటుంది. మొదటి ఓవర్లో బంతి లోపలికి తిరిగితే ఎవరైనా అవుటే. ఇంగ్లండ్‌తో 2021 యాషెస్ సిరీస్ మొదటి బంతికే రోరీ బర్న్స్ లెగ్ స్టంప్ ఎగిరిన దృశ్యం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తిరగకపోతే పరుగులు కూడా అతని దగ్గరే వస్తాయి. అందుకే డే నైట్ టెస్టుల్లో వాడే పింక్ బంతి చేతికొస్తే స్టార్క్ వేరే మనిషి, ఎర్ర బంతి అరిగాక మామూలు మనిషి. చాలామంది గమనించని ఉపకారం ఒకటి ఉంది: ఎడమచేత్తో పరుగెత్తి వేసి దిగేచోట పిచ్ గీరుకుపోతుంది, అది అవతలి ఎండ్ నుంచి వేసే స్పిన్నర్ లయన్‌కు కుడిచేతి బ్యాటర్ ఆఫ్ స్టంప్ బయట సరిగ్గా పనికొస్తుంది.

లయన్‌ను పేసర్ల పోలికలోకి ఎందుకు తెచ్చానంటే, ఆస్ట్రేలియా పేసర్లు తాజాగా ఉండటానికి సగం కారణం అతనే. 500కు పైగా వికెట్లున్న ఆఫ్ స్పిన్నర్ ఒక ఎండ్‌ను గంటల తరబడి పట్టుకుంటే, ముగ్గురు పేసర్లు రెండో ఎండ్‌ను వంతులవారీగా పంచుకుంటారు. ఐదు ఓవర్ల స్పెల్, నీళ్లు, విశ్రాంతి, మళ్లీ ఐదు ఓవర్లు.

ఇక బెంచీ. బోలండ్‌కు 35 ఏళ్లు. పది టెస్టులు, 35 వికెట్లు, సగటు 20. మొదటి టెస్టులోనే మెల్‌బోర్న్‌లో 4 ఓవర్లు వేసి 7 పరుగులకు 6 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 68కి కుప్పకూలింది. ఇంతటివాడు ముగ్గురిలో ఎవరికో నొప్పి వస్తే తప్ప జట్టులోకి రాడు. కానీ ఇతని దగ్గర ఒక బలహీనత కూడా బయటపడింది. 2023లో ఇంగ్లండ్ బ్యాటర్లు అతని లెంగ్త్‌ను (బంతి పడే చోటును) ఉన్నచోట ఉండనివ్వలేదు, ముందుకొచ్చి కొట్టారు. రెండు టెస్టుల్లో రెండే వికెట్లు. అలా ముందుకొచ్చి కొట్టగల పంత్ మనకు ఉన్నాడు కాబట్టి ఈ సంగతి దగ్గర పెట్టుకోవాలి.

మరి వాళ్లకు లోటేమీ లేదా? ఉంది. వయసు, ఇంకా గ్రీన్. స్టార్క్‌కు 34, హేజిల్‌వుడ్‌కు జనవరిలో 34 వస్తాయి. వీపు ఆపరేషన్ వల్ల కామెరాన్ గ్రీన్ సిరీస్‌కే లేడు, రోజుకు పది పన్నెండు ఓవర్లు మోసే ఆ చేయి పోయింది. మిచెల్ మార్ష్ ఎన్ని ఓవర్లు వేయగలడో అతని ఒంటికే తెలియాలి. 2020-21లో సరిగ్గా ఇదే జరిగింది. నాలుగు టెస్టులూ అదే ముగ్గురు పేసర్లు, అదే లయన్. సిడ్నీలో నాలుగో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు వాళ్ల చేత 131 ఓవర్లు వేయించి మ్యాచ్ డ్రా చేశారు. మూడు రోజుల గ్యాప్. తర్వాత బ్రిస్బేన్‌లోని గబ్బాలో 97 ఓవర్లలో 329 కొట్టి గెలిచారు. ఆ సిరీస్ మొత్తంలో స్టార్క్‌కు దక్కింది 11 వికెట్లే. కాగితం మీద అప్పుడు కూడా వాళ్ల దళమే గట్టిది. 2018-19లో పుజారా ఒక్కడే 1258 బంతులు ఆడి వాళ్ల కాళ్లు విరగ్గొట్టాడు. ఇప్పుడు జట్టులో పుజారా లేడు. వాళ్లను అలసట పెట్టే పని ఎవరు చేస్తారో నాకు కనపడటం లేదు, నన్ను నిజంగా భయపెడుతున్నది అదే.

మన వైపు చూద్దాం.

బుమ్రా గురించి కొత్తగా చెప్పేదేముంది అనిపిస్తుంది గానీ, ఒక్క బంతి చెప్పాలి. 2018 నాటి అదే మెల్‌బోర్న్ టెస్టు, మూడో రోజు, లంచ్‌కు ముందు చివరి బంతి. బంతి మెత్తబడింది, షాన్ మార్ష్ నిలదొక్కుకున్నాడు. వన్డేల్లో వేస్తావు కదా, ఒక స్లో బాల్ వేసి చూడమని మిడ్ ఆఫ్ నుంచి రోహిత్ సలహా ఇచ్చాడు. బుమ్రా అదే పరుగుతో, అదే చేతి వేగంతో వచ్చి బంతిని నెమ్మదిగా వదిలాడు. అది గాల్లో కిందికి జారి మార్ష్ కాళ్ల దగ్గర పడింది. బ్యాట్ ముందే వెళ్లిపోయింది. ఎల్బీడబ్ల్యూ. ఆ ఇన్నింగ్స్‌లో 33 పరుగులకు 6 వికెట్లు. పిచ్ సాయం లేదు, బంతి సాయం లేదు. 2024 ఫిబ్రవరిలో విశాఖలో ఓలీ పోప్ స్టంప్స్ పడగొట్టిన రివర్స్ స్వింగ్ యార్కర్ కూడా అలాంటిదే. కొత్త బంతా పాత బంతా అన్న తేడా ఇతనికి వర్తించదు. ఆస్ట్రేలియాలో ఏడు టెస్టుల్లో 32 వికెట్లు, సగటు 21. ఒక్కడికి ఒక్కడు అని అడిగితే రెండు జట్లలోనూ ఇతన్ని మించినవాడు లేడు. నా వరకు అందులో వాదనే లేదు.

కానీ అతనికి 2023లో వీపు ఆపరేషన్ అయింది. ఇప్పుడు కెప్టెన్సీ కూడా నెత్తిన పడింది. కెప్టెన్ తన చేతికి తనే బంతి ఇచ్చుకుంటున్నప్పుడు ఆపేవాడు ఉండడు. పెర్త్‌లో ఒక భాగస్వామ్యం నిలబడిపోయి, మూడో పేసర్ పరుగులిచ్చేస్తుంటే, బుమ్రా ఏడో ఓవర్, ఎనిమిదో ఓవర్ వేసుకుంటూ పోతాడేమోనన్నది నా బెంగ.

సిరాజ్ మీద మన హైదరాబాద్‌వాళ్లకు ప్రేమ ఎక్కువ, నాకూ అంతే. 2020లో టూర్ మొదట్లోనే తండ్రి పోయినా ఇంటికి రాకుండా ఉండిపోయి, మెల్‌బోర్న్‌లో టెస్టుల్లోకి వచ్చి, మూడు టెస్టుల్లో 13 వికెట్లతో మనవాళ్లలో అందరికన్నా పైన నిలిచాడు. గబ్బాలో 73 పరుగులకు 5. 2024 జనవరిలో కేప్‌టౌన్‌లో 15 పరుగులకు 6, దక్షిణాఫ్రికా 55 ఆలౌట్. ప్రేమను పక్కనపెట్టి చూస్తే, 31 టెస్టుల్లో 80 వికెట్లు, సగటు 30 దగ్గర. న్యూజిలాండ్‌తో పుణె టెస్టుకు పక్కన కూర్చోబెట్టారు. సీమ్‌ను నిటారుగా పెట్టకుండా కాస్త ఊగిసలాడేలా వదలడం అతని ఆయుధం. పడ్డాక ఎటు పోతుందో అతనికీ తెలియదు, బ్యాటర్‌కూ తెలియదు. సీమ్ లేచి ఉన్నంతసేపే దానికి పదును. అందుకని సిరాజ్‌ను కొత్త బంతి బౌలర్‌గానే లెక్కేయాలి. హేజిల్‌వుడ్ స్థానంలో పెట్టి పోలిస్తే అతనికీ అన్యాయం, మనకీ తప్పు లెక్క.

ఇక మూడోవాడు. సిరీస్ భవిష్యత్తు నా దృష్టిలో ఈ ఎంపికలోనే ఉంది. షమీ ఉంటే ఈ గొడవే లేదు. మొన్ననే బెంగాల్ తరఫున ఇండోర్‌లో రంజీ ఆడి ఏడు వికెట్లు తీశాడు గానీ, చీలమండ ఆపరేషన్ తర్వాత అది ఒక్క మ్యాచే. జట్టుతో లేడు. ఉన్నది ముగ్గురు: ఆకాశ్ దీప్, హర్షిత్ రాణా, ప్రసిద్ధ్ కృష్ణ.

ఆకాశ్ దీప్ ఆడిన ఐదు టెస్టులూ స్వదేశంలోనే, పది వికెట్లు. ఈ అంకెను చూసి పెదవి విరిచేవాళ్లకు ఒక మాట. మన పిచ్‌ల మీద పేసర్‌కు పొద్దున ఆరు ఓవర్లు, సాయంత్రం నాలుగు ఓవర్లు దొరుకుతాయి, మిగతాదంతా స్పిన్నర్లదే. వికెట్ల సంఖ్యతో అక్కడ పేసర్‌ను కొలవలేం. అతన్ని కొలవాలంటే రాంచీలో ఇంగ్లండ్ మీద ఆడిన తొలి టెస్టు మొదటి రోజు పొద్దున చూడాలి. క్రాలీ ఆఫ్ స్టంప్‌ను పల్టీ కొట్టించాడు, తీరా చూస్తే నోబాల్. మొదటి టెస్టు, మొదటి వికెట్ అలా పోతే చాలామంది ఆ సెషన్‌లో మళ్లీ కుదురుకోరు. అతను లంచ్‌లోపే డకెట్‌ను, పోప్‌ను, మళ్లీ అదే క్రాలీని అవుట్ చేశాడు. బంతిని స్టంప్స్ మీదికే వేస్తాడు, సీమ్ నిటారుగా ఉంటుంది, బ్యాటర్‌ను ప్రతి బంతీ ఆడేలా చేస్తాడు.

హర్షిత్ రాణాకు ఎత్తు ఉంది, పిచ్‌ను గట్టిగా కొడతాడు. గత నెలలోనే అసోం మీద రంజీలో ఐదు వికెట్లు తీసి, యాభై దాటి పరుగులూ చేశాడు. అక్కడి బౌన్స్‌కు తగిన బౌలరే. కానీ ఒక్క టెస్టూ ఆడలేదు, ఫస్ట్‌క్లాస్ అనుభవమూ చాలా తక్కువ. తొలి టెస్టు ఆడే కుర్రాడి చేతికి పెర్త్‌లో 35వ ఓవర్లో బంతి ఇచ్చి ‘ఒకే చోట వెయ్యి’ అనడం సులువు, వేయడం సులువు కాదు. పెర్త్ బౌన్స్ చూసి కొత్త బౌలర్లకు ఆవేశం వస్తుంది, షార్ట్‌గా వేస్తారు, కట్లూ పుల్‌లూ మొదలవుతాయి.

ప్రసిద్ధ్ కృష్ణ దక్షిణాఫ్రికాలో రెండు టెస్టులు ఆడి తేలిపోయాడు. అయితే ఈ నెలలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా-ఎ మీద ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు తీశాడు. అక్కడి గాలికి, నేలకు అలవాటు పడ్డవాడు ముగ్గురిలో అతనే.

నన్నడిగితే పెర్త్‌కు ఆకాశ్ దీప్. బౌన్స్ పిచ్ కాబట్టి బౌన్స్ బౌలర్ అనే వాదన నాకు సగమే నచ్చుతుంది. అక్కడ పిచ్ తనే బౌన్స్ ఇస్తుంది, మనకు కావాల్సింది ఆ బౌన్స్‌ను సరైన లెంగ్త్‌లో వాడుకోగలిగినవాడు. ఎత్తు మీదే మనసుంటే ప్రసిద్ధ్‌ను గబ్బాకు దాచండి. అడిలైడ్ తర్వాత మూడు రోజులకే గబ్బా మొదలవుతుంది, అప్పటికి ఎవరో ఒకరికి విశ్రాంతి ఇవ్వక తప్పదు. హర్షిత్‌కు మొదటి టెస్టులోనే అవకాశం ఇస్తే అతని ధైర్యాన్ని నేను తప్పుపట్టను, కానీ బుమ్రా మీద పడే భారం పెరుగుతుంది.

నాలుగో చేయి మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 21 ఏళ్లు, ఇంకా టెస్టు ఆడలేదు. అతని నుంచి వికెట్లు ఆశించకండి. రోజుకు పది ఓవర్లు, ఓవర్‌కు మూడు పరుగుల లోపు వేస్తే చాలు, బుమ్రా ఒళ్లు సిడ్నీ దాకా నిలుస్తుంది. గ్రీన్ లేని ఆస్ట్రేలియాతో పోలిస్తే ఈ ఒక్క చోట మనకు పైచేయి దొరికే వీలుంది.

స్పిన్నర్‌ను వదిలేసి నలుగురు పేసర్లతో దిగాలన్న ఆలోచన పెర్త్ అనగానే వస్తుంది. 2018లో వచ్చింది. ఇషాంత్, బుమ్రా, షమీ, ఉమేశ్ నలుగురూ ఆడారు. షమీ 56 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అయినా 146 పరుగులతో ఓడిపోయాం. ఆ మ్యాచ్‌లో ఎనిమిది వికెట్లతో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఎవరో తెలుసా, లయన్. మన వైపు పార్ట్‌టైమ్ స్పిన్ వేసిన హనుమ విహారి కూడా మొదటి ఇన్నింగ్స్‌లో రెండు వికెట్లు తీశాడు. అశ్విన్, జడేజా, సుందర్ ముగ్గురిలో ఎవరో ఒకరు ఉండి తీరాలి.

మైదానాల వారీగా చూస్తే పెర్త్ ఆస్ట్రేలియా కోట. ఈ సిరీస్‌కు ముందు దాకా అక్కడి ఆప్టస్ స్టేడియంలో ఆడిన నాలుగు టెస్టులూ వాళ్లే గెలిచారు, నాలుగుసార్లూ మొదట బ్యాటింగ్ చేసిన జట్టే గెలిచింది. మూడు, నాలుగు రోజులకల్లా పిచ్ మీద పగుళ్లు తెరుచుకుంటాయి. అడిలైడ్‌లో డే నైట్ టెస్టు, పింక్ బంతి. అక్కడ స్టార్క్ ఉన్నాడు కాబట్టి మొగ్గు వాళ్లకే, ఏ మొహమాటం లేకుండా చెబుతున్నాను. గబ్బా 2021 దాకా వాళ్లకు కంచుకోట. మనం బద్దలు కొట్టాం, 2024 జనవరిలో వెస్టిండీస్ కుర్రాడు షమార్ జోసెఫ్ కాలి వేలు వాచి ఉండగానే 68 పరుగులకు 7 వికెట్లు తీసి ఎనిమిది పరుగులతో గెలిపించాడు. అతను అప్పటికి ఆడుతున్నది రెండో టెస్టు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో సమఉజ్జీలే అనుకుంటున్నాను. మధ్యలో మళ్లీ మూడు రోజులే గ్యాప్, అప్పటికి ఎవరి ముగ్గురు పేసర్లు నిలబడి ఉన్నారో వాళ్లదే సిరీస్.

కొత్త బంతి ఇరవై ఓవర్లకు రెండు జట్లూ సమానం, బుమ్రా వల్ల మనం ఒక పిసరు ముందు. 20 నుంచి 80 ఓవర్ల దాకా ఆస్ట్రేలియా స్పష్టంగా ముందుంది, అదీ చాలా ముందు. ఎవరి దళం మీద పందెం కడతావంటే మొదటి మూడు టెస్టులకు వాళ్ల మీదే కడతాను. మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు.

పెర్త్‌లో ఆట మన టైమ్ ప్రకారం ఉదయం 7.50కి మొదలవుతుంది. మనం బౌలింగ్ చేస్తున్న రోజున బుమ్రా మొదటి స్పెల్ కోసం టీవీ పెట్టండి, కానీ అది అయిపోగానే లేచి వెళ్లకండి. మూడో పేసర్‌కు బంతి ఏ ఓవర్లో ఇచ్చారో, అతని మొదటి నాలుగు ఓవర్లలో స్మిత్, లబుషేన్ వదిలేసినవి ఎన్నో, ఆడక తప్పనివి ఎన్నో కాగితం మీద గీతలు పెట్టుకోండి. బుమ్రా రెండో స్పెల్‌కు ఎప్పుడు తిరిగొచ్చాడో దాని పక్కనే రాయండి. అతను 40వ ఓవర్‌కు ముందే రావాల్సి వచ్చిందంటే, స్కోరు ఎంతున్నా సరే, ఆ రోజు ఆస్ట్రేలియాదే.